రెండో చేయి

లాండ్రీ, ఇస్త్రీ గది
మార్చి 4

వదినగారికి నమస్కారాలు,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటారేమో. ఫోన్ పాడైంది. బాగు చేయించేదాకా ఇలాగే. మీరు జవాబు రాస్తే ఇంటికి కాకుండా లాండ్రీకి పంపండి. కవరు మీద "సూపర్‌వైజర్" అని రాసి, కింద మూలగా "ఇస్త్రీ గది" అంటే చాలు, నాకు చేరుతుంది. ఆవిడతో చెప్పాను. ఎందుకని అడగలేదు.

ఇక్కడ అంతా క్షేమం. మీ తమ్ముడు బాగున్నారు. డిపోలో ఇప్పుడు బస్సులు వచ్చే టైమూ పోయే టైమూ రాసే పని ఆయనకే ఇచ్చారు. నేను మళ్లీ పనిలో చేరి వారమైంది. హోటళ్ల నుంచి దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు కుప్పలుగా వస్తాయి. ఇస్త్రీ రోలరుకు ఈ వైపు నేను, ఆ వైపు రేడియో. రేడియో అంటే మనిషే. తెరిచిన నోరు మూయదు కాబట్టి అందరూ అలా పిలుస్తారు. ఆవిడ కూడా పలుకుతుంది.

అసలు సంగతి ఇది. పోయిన నెల మళ్లీ నిలవలేదు. మూడో నెల. బాత్‌రూములో కాలు జారి పడ్డాను. ఇంట్లోనే అయిపోయింది, ఆసుపత్రికి వెళ్లలేదు. దాంతో సరి అనుకున్నాను. పంతొమ్మిది రోజులైంది, ఇంకా నెత్తురు కనిపిస్తూనే ఉంది. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. పొత్తికడుపులో ఒకటే పోటు. వాసన కూడా తేడాగా ఉంది. ఇవన్నీ మామూలేనా? మీరు నర్సు కదా, మీకు తెలుస్తుందని రాస్తున్నాను. మీ తమ్ముడితో ఈ ఉత్తరం మాట అనకండి, ఊరికే కంగారు పడతారు.

మీ మరదలు

*

స్త్రీల ఆసుపత్రి, బరువు చూసే గది
మార్చి 9

మరదలు పిల్లకి ఆశీస్సులు,

నీకు బుర్ర ఉందా అసలు? పంతొమ్మిది రోజులు ఎలా ఊరుకున్నావు? లోపల ముక్క మిగిలిపోయి చీము పట్టి ఉంటుంది. ఈ కాగితం చేతికి అందిన గంటలో ఆసుపత్రిలో ఉండాలి. శుభ్రం చేస్తారు, సూదిమందు ఇస్తారు. భయపడకు. ఆలస్యం చేస్తే మాత్రం గర్భసంచికే ముప్పు, ఆ తర్వాత ప్రాణానికి. నేను ఇలాంటివాళ్లను రోజూ చూస్తాను.

తమ్ముణ్ణి వెంట తీసుకెళ్లు. వాడికి కోపం ముక్కు మీద ఉంటుంది కానీ మనసు వెన్న. తల్లి లేని పిల్లాడు, నా చేతుల మీద పెరిగాడు, నాకు తెలియదా. నువ్వే కాస్త చూసీ చూడనట్టు పోవాలి.

ఇంకో మాట. ఏడాది దాకా మళ్లీ కడుపు వద్దు. పోయినసారి చూస్తే నీ ఒంట్లో నెత్తురు ఏడు గ్రాములుంది. ఇప్పుడు అంతకన్నా దిగజారి ఉంటుంది. ఆ నెత్తురుతో మళ్లీ మోస్తే బిడ్డా నిలవదు, నువ్వూ నిలవవు. మాత్రలు అడిగి తీసుకో, రోజూ ఒకే వేళకి వేసుకో. అక్క చెప్పిందని వాడితో చెప్పు.

మొదటిసారి గడప తట్టుకుని పడ్డావు, ఈసారి బాత్‌రూములో జారావు. కళ్లు ఎక్కడ పెట్టుకుని నడుస్తావో ఏమో. బాత్‌రూములో రబ్బరు పట్టా వేయించుకో.

వదిన

*

లాండ్రీ, ఇస్త్రీ గది
మార్చి 27

వదినగారికి,

మీరు చెప్పినట్టే వెళ్లాను. ఆయన వెంట వచ్చారు. మీరన్నట్టే లోపల మిగిలి ఉందట, శుభ్రం చేశారు. మూడు రోజులు ఉంచి పంపేశారు. జ్వరం తగ్గింది.

అక్కడి నర్సు అమ్మాయి అడిగినవన్నిటికీ ఆయనే జవాబు చెప్పారు. నా వయసు కూడా ఆయనే చెప్పారు, ఒక ఏడాది తక్కువ చెప్పారు. ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగింది. "ఇబ్బందులా? మహారాణిలా చూసుకుంటున్నాం" అని ఆయన నవ్వారు. ఆ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను.

ఆరు వారాలు దూరంగా ఉండాలని డాక్టరమ్మ ఆయనతోనే చెప్పింది. ఆయన బుద్ధిమంతుడిలా తల ఊపారు. ఇంటికొచ్చాక ఆరు రోజులు కూడా ఆగలేదు. ఇది మీకు రాయాల్సిన మాట కాదు, మీరు ఆయనకి అక్క. నర్సుకి రాస్తున్నాననుకుని రాశాను.

మాత్రలు ఇచ్చారు. ఉప్పు డబ్బా వెనక పెట్టాను. దొరికాయి. ఒక్కో మాత్రా రేకులోంచి నొక్కి బయటికి తీసి, సింకులో వేసి, కుళాయి తిప్పారు. ఇరవై ఒకటీ అయ్యేదాకా నన్ను పక్కన నిలబెట్టారు. అరవలేదు. ఇంట్లో ఒక పిల్లాడు తిరిగితే అన్నీ సర్దుకుంటాయి అన్నారు.

ఏడాది ఆగాలని మీరు రాశారు. మాత్రలు కనిపిస్తాయి కదా. కనిపించనిది ఏదైనా ఉంటుందా?

రేడియో తన కూతురి పెళ్లి మాటలు తొమ్మిదోసారి మొదట్నుంచి చెబుతోంది. ఈసారి పెళ్లికొడుకు ఇంకో రెండంగుళాలు పొడుగయ్యాడు.

మరదలు

*

స్త్రీల ఆసుపత్రి, బరువు చూసే గది
ఏప్రిల్ 14

అమ్మాయ్,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు దాటింది. నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను. ఇది ఐదోది, దీన్ని చింపను.

మా దగ్గర ప్రతి ఆడమనిషికీ ఒక కార్డు ఉంటుంది. అందులో బీపీ, బరువు, నెత్తురు అన్నీ రాశాక చివర ఒక గడి ఉంది. ఇంట్లో దెబ్బలు తగులుతున్నాయా అని. అవును, లేదు. అది భర్త ముందు అడగకూడదు. అందుకే ఈ బరువు చూసే గదిలోకి మగవాళ్లను రానివ్వరు. తలుపు మూసి, ఆమె ఒక్కర్తే ఉన్నప్పుడు, మెల్లగా అడిగి రాయాలి. నాకు ఇదే డ్యూటీ, తొమ్మిదేళ్లుగా.

నేను అడగను. పొద్దున్నే వచ్చి, ఆ రోజు కార్డుల కట్ట ముందు పెట్టుకుని, ఒక్కటీ వదలకుండా "లేదు" దగ్గర టిక్కు పెట్టేస్తాను. టీ తాగుతూ పెట్టేస్తాను. బయట తొంభై మంది నిలబడి ఉంటారు, ఒక్కరు అవునంటే గంట పడుతుంది, ఏడుపులు, పెద్ద డాక్టరమ్మ, కాగితాలు. అందరూ లేదనే అంటారులే అని నాకు నేను చెప్పుకున్నాను. తొమ్మిదేళ్లలో మా ఆసుపత్రికి వచ్చిన ఆడవాళ్లలో ఒక్కరికి కూడా ఇంట్లో దెబ్బ తగల్లేదు. పై నుంచి వచ్చినవాళ్లు లెక్కలు చూసి మెచ్చుకుని వెళ్లారు.

రెండేళ్ల కిందట, మొదటి కడుపు నాలుగో నెలలో, నువ్వు నా దగ్గరికి వచ్చావు. తమ్ముడు దింపి వెళ్లాడు. నాలుగు రోజులున్నావు. నీ కార్డు నేనే రాశాను. బీపీ చూద్దామని ఎడమచేతి జాకెట్టు పైకి జరిపితే మోచేతి పైన నాలుగు వేళ్లు అచ్చు పడి ఉన్నాయి, నల్లగా. నువ్వు గోడ వైపు చూస్తున్నావు. నేను పట్టీ విప్పి రెండో చేతికి కట్టాను. బీపీ రాశాను. నీ కార్డు మీద టిక్కు అప్పటికే ఉంది.

ఆ తర్వాతి నెలలో గడప తట్టుకుని పడ్డానని నువ్వు కబురు చేస్తే జాగ్రత్తగా నడవమని చెప్పాను.

ఇప్పుడు అడుగుతున్నాను. తలుపు మూసే ఉంది, ఎవరూ లేరు. వాడు నిన్ను కొడతాడా?

నువ్వు అడిగింది ఉంది. మూడు నెలలకోసారి సూదిమందు. బయటికి ఏమీ కనిపించదు. నా దగ్గరికి రాగలిగితే చాలు.

వదిన

*

లాండ్రీ, ఇస్త్రీ గది
ఏప్రిల్ 20

వదినా,

అవును.

ఫోన్ పాడవలేదు, ఆయన దగ్గరుంటుంది. గడప కాదు. ఆ రోజు ఇస్త్రీ గదిలో ఆవిరి గొట్టం పగిలి, ఇంటికి వెళ్లేసరికి నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఆయనకి టైమంటే పట్టింపు. కాలితో తన్నారు. ఐదో నెల. అది మగపిల్లాడు, మీకు చెప్పలేదు. బాత్‌రూము కూడా కాదు. గోడకేసి నెట్టారు, పడ్డాక ఆగలేదు. ఎందుకో గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు, దాచడం లేదు. అంత పెద్ద కారణం అయ్యుండదు.

ఇవన్నీ రాస్తుంటే ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. పక్కింటావిడ సంగతి రాస్తున్నట్టుంది. కొన్నాళ్లుగా అన్నిటికీ ఇంతే. మొన్న రోలరు అంచు తగిలి చేయి బొబ్బలెక్కింది, రేడియో కేక పెడితే అప్పుడు చూసుకున్నాను.

మీరు పట్టీ విప్పి రెండో చేతికి కట్టడం నాకు గుర్తుంది. ఆ చేయి బాగానే ఉంది. మీరు చూశారని నాకు తెలుసు, నేను చూశానని మీకు తెలియదు. సరే, అన్ని ఇళ్లలోనూ ఇంతేనేమో, వదినకి తెలిసినా ఏమీ అనలేదంటే పెద్ద విషయం కాదేమో అనుకున్నాను. మీ మీద నాకు కోపం లేదు. దేని మీదా లేదు.

ఆ సూది వేయించుకుంటాను. ఎలా రావాలో మీరే చెప్పండి. ఊరికే వస్తానంటే పంపరు.

మరదలు

*

ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర
ఏప్రిల్ 29

అమ్మాయ్,

తమ్ముడికి ఫోన్ చేశాను. మణికట్టు బెణికింది, చేయి లేపలేకపోతున్నాను, నాలుగు రోజులు మరదల్ని సాయం పంపమన్నాను. "అయ్యో అక్కా, నేను కూడా రానా? మందు రాసుకున్నావా?" అని ఎంత ఇదైపోయాడో. నేనంటే వాడికి ప్రాణం. పంపుతానన్నాడు. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఇంట్లో ఉండాలట.

వాడితో నేను ఆడిన అబద్ధాల్లో ఇది రెండోది. మొదటిది నీకూ చెప్పాను. మా అమ్మ మెట్ల మీంచి పడి పోయిందని. మేమున్న ఇంటికి మెట్లు లేవు. ఒక్కటే గది, నేల మీదే. అమ్మకి ఆరో నెల, నాన్న తన్నాడు, నెత్తురు ఆగలేదు. ఎవరడిగినా మెట్లని చెప్పమన్నారు పెద్దవాళ్లు, చెప్పాను. అప్పుడు నాకు పదమూడేళ్లు. వాడు నాలుగేళ్లవాడు, నా పరికిణీ పట్టుకుని తిరిగేవాడు. చెప్పగా చెప్పగా ఆ మెట్లు నాకే కనిపించడం మొదలుపెట్టాయి. ఎన్ని ఉన్నాయో కూడా చెప్పగలను.

ఇది చెప్పి జాలి పడమని అడగడం లేదు. నీ చేయి చూసినప్పుడు నాకు ఏమిటో తెలియక ఊరుకున్నానని నువ్వు అనుకోకూడదు, అందుకు చెప్పాను. నాకు బాగా తెలుసు.

వచ్చే గురువారం మొదటి బస్సుకి రా.

వదిన

*

లాండ్రీ, ఇస్త్రీ గది
జూన్ 20

వదినా,

మీ దగ్గర్నుంచి వచ్చి ఆరు వారాలు. ఇంతవరకూ రాయడం కుదరలేదు. సూది చోట నొప్పి రెండో రోజుకే పోయింది. మధ్య మధ్య కొంచెం కనిపిస్తోంది, అది మామూలే అన్నారు కదా.

బెణకని చేతికి నాలుగు రోజులూ కట్టు కట్టుకుని తిరిగారు మీరు, ఎవరైనా చూసి ఆయనకి చెబుతారని. ఎడమచేత్తో తోముతూ రెండు కప్పులు పగలగొట్టారు. రేడియోకి చెప్పాను, పడీ పడీ నవ్వింది. ఆవిడకి అంతా చెప్పేశాను. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పెళ్లికొడుకు పొడుగు సంగతి ఊరంతా చెప్పే మనిషి, ఇది మాత్రం కడుపులో పెట్టుకుంది.

ఆయన క్యాలెండరు ముందు నిలబడుతున్నారు. నెల తప్పిందా అంటారు. లేదంటాను. పోయిన వారం మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు, ఎందుకు నిలవడం లేదో చూడమన్నారు. ఆవిడ నెత్తురు పరీక్ష కాగితం చూసి, ముందు నెత్తురు పట్టనివ్వండి, తొందరెందుకు అంది. బయటికొచ్చాక బస్టాపులో, అందరి మధ్యా, నా వీపు మీద చేయి వేసి నిలబడ్డారు. చూసేవాళ్లకి ముచ్చటగా ఉంటుంది. వేళ్లు ఎక్కడ నొక్కుతున్నాయో నాకు తెలుసు. ఇంటికెళ్లాక మామూలే.

కానీ వదినా, ఆయన నా మీదికి వచ్చినప్పుడు ఇదివరకు నేను లెక్కపెట్టుకుంటూ పడుకునేదాన్ని, ఈసారి కూడా నిలుస్తుందా, నిలిస్తే ఎన్నాళ్లు అని. ఇప్పుడు లెక్కపెట్టడం లేదు. అంతవరకు హాయి.

రెండోది ఆగస్టు ఏడున అని కార్డు మీద రాశారు. కార్డు మీ దగ్గరే ఉంచారు, మంచిదే. ఆ రోజు ఎలా రావాలి?

మరదలు

*

స్త్రీల ఆసుపత్రి, బరువు చూసే గది
జులై 6

అమ్మాయ్,

ఆగస్టు ఆరున నాకు కళ్ల పరీక్ష, మందు వేస్తే రెండు రోజులు చూపు ఆనదు, తోడు కావాలి. తమ్ముడికి ఇదే చెబుతాను. నువ్వేమీ అడగకు, నీకు తెలియనట్టే ఉండు. ఇంకా నెల ఉంది కాబట్టి ఆఖరి వారంలో ఫోన్ చేస్తాను, ముందే చెబితే అనుమానిస్తాడు.

ఈ మధ్య టిక్కులు పెట్టడం మానేశాను. తలుపు మూసి అడుగుతున్నాను. మొదటి రోజే ఏడుగురు అవునన్నారు. ఒకామె కార్డు మీద మూడేళ్లుగా "లేదు" దగ్గర నా టిక్కే ఉంది. బయట వరస గేటు దాటింది, అందరూ నన్ను తిట్టుకున్నారు.

నెత్తురు పట్టే మాత్రలు లాండ్రీలోనే ఉంచుకుని వేసుకో.

వదిన

*

ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం
ఆగస్టు 11

వదినా,

నేను బాగానే ఉన్నాను. లేవగలుగుతున్నాను.

నాలుగో తారీకు పొద్దున ఆయనకి ఫోన్ వచ్చింది, మీ ఆసుపత్రి నుంచి. మీ ఇంటావిడకి ఏడో తారీకున సూదిమందు వేళ, మర్చిపోకుండా పంపండి అని. ఆయన చాలా మర్యాదగా విన్నారు. ఏ సూదిమందు అని అడిగారు. ఆ అమ్మాయి చెప్పింది. థాంక్సమ్మా అని పెట్టేశారు. నేను అక్కడే బట్టలు మడత పెడుతున్నాను. చేతిలో ఉన్న చొక్కా మడిచి పక్కన పెట్టాను.

తర్వాతది పూర్తిగా గుర్తు లేదు. ఆయన బయట గొళ్లెం పెట్టి డ్యూటీకి వెళ్లారు, టైముకే వెళ్లారు. నేను పనికి రాలేదని సూపర్‌వైజరమ్మ, రేడియో ఇంటికి వచ్చి తలుపు తీశారు. సూపర్‌వైజరమ్మ ఎందుకని అడగని మనిషి కదా, అప్పుడూ అడగలేదు, లాండ్రీ వ్యాను తెచ్చింది. దుప్పట్ల మధ్య పడుకోబెట్టి తీసుకొచ్చారు.

కడుపులో నెత్తురు చేరిందట, కోసి కుట్టారు. రెండు సీసాలు ఎక్కించారు. ఒకటి రేడియో ఇచ్చింది. నా నెత్తురు పడింది కాబట్టి ఇక నువ్వూ ఆగకుండా వాగుతావు చూడు అంది. డాక్టరమ్మ కుట్లు చూస్తూ, ఈ దెబ్బలకి కడుపుతో గనక ఉండి ఉంటే నువ్వు దక్కేదానివి కాదు అంది. ఆ సూది సంగతి ఆవిడకి చెప్పాను.

మీరు రాకండి. మీరు బయల్దేరితే మీ వెనకే ఆయన వస్తారు. నేనెక్కడున్నానో గేటు దగ్గర చెప్పవద్దని చెప్పి ఉంచారు. ఆయన నంబరు మీవాళ్లకి ఎలా వెళ్లిందో నాకు అర్థం కాలేదు.

మరదలు

*

ఇంటి నుంచి
ఆగస్టు 15

అమ్మాయ్,

నంబరు నేనే రాశాను.

సూదిమందుకి కొత్త కార్డు రాయాలి. నీ పాత కార్డు పక్కన పెట్టుకుని పేరు, వయసు, నంబరు చూసి ఎక్కించాను. పాతదాంట్లో వాడి నంబరుంది, రెండేళ్ల కిందట నేను రాసిందే. నువ్వు ఎదురుగా కూర్చుని ఉన్నావు. నిన్ను అడిగితే చెప్పేదానివి. అడగలేదు. కార్డు నా దగ్గరే దాచాననుకున్నాను కానీ కౌంటరు పుస్తకంలోకి నంబరు అప్పటికే వెళ్లిపోయింది. అక్కడి అమ్మాయి మూడు రోజుల ముందు అందరికీ ఫోన్ చేస్తుంది. అది ఆ పిల్ల పని, బాగా చేస్తుంది.

ఇంతకన్నా రాయలేను. ఏం చేయమన్నా చేస్తాను.

వదిన

*

హాస్టలు, పై అంతస్తు గది
సెప్టెంబరు 18

వదినా,

సూపర్‌వైజరమ్మ ఇక్కడ చేర్పించింది. పని చేసుకునే ఆడవాళ్ల హాస్టలు. గదికి ముగ్గురం. కింద వాచ్‌మన్ బదులు ఒక ముసలావిడ కూర్చుంటుంది, ఈగను కూడా పేరడగకుండా పైకి పంపదు.

పోలీసులు వార్డుకే వచ్చారు. పడిపోయావా అని అడిగారు. లేదన్నాను. రాసుకున్నారు. ఆయన్ని పిలిచారు, ఆయన డిపో నుంచి పది మందిని వెంటేసుకుని వచ్చి, మనిషి కంగారు పడి మెట్ల మీద పడింది, ఎన్నడూ చేయి ఎత్తిన పాపాన పోలేదని చెప్పించారు. మా ఇంటికీ మెట్లు లేవు వదినా.

ఇది మొదటిసారి కాదని చెప్పేవాళ్లు కావాలట. అంతకుముందు ఒంటి మీద చూసినవాళ్లు. లేకపోతే నా మాట, ఆయన మాట, అంతే. అలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది. ఉన్నారన్నాను. ఎవరో చెప్పలేదు. చెప్పనా?

మీరు చేతుల మీద పెంచిన తమ్ముడు. ఉద్యోగానికీ ఇబ్బంది అవుతుంది. వద్దంటే వద్దు, నాకు ఏమీ అనిపించదు. నాకు ఏదీ అనిపించడం లేదు కాబట్టి మొహమాటం లేకుండా చెప్పండి.

మరదలు

*

ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర
అక్టోబరు 25

అమ్మాయ్,

నువ్వు చెప్పేదాకా ఆగలేదు, నేనే ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మూడు గంటలు కూర్చుని చెప్పాను. చేతి మీద అచ్చులు, పట్టీ మార్చడం, టిక్కులు, నంబరు, అన్నీ. అమ్మ సంగతి కూడా చెప్పాను, వాళ్లు అడగకపోయినా. సంతకం పెట్టాను. మర్నాడు మా పెద్ద డాక్టరమ్మ పిలిచి, తొమ్మిదేళ్లు ఇలా చేశావా అని అడిగింది. చేశానన్నాను. ప్రస్తుతం డ్యూటీలో లేను, విచారణ అయ్యేదాకా ఇంట్లోనే.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. తలుపు తీసేసరికి చెప్పులు విప్పుతున్నాడు. "అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు, చిన్నప్పటిలాగే. వాడు చిక్కిపోయాడు. మెడ కింద ఎముకలు బయటికొచ్చాయి, చొక్కా వేలాడుతోంది. ఇంట్లో వండిపెట్టే దిక్కు లేదు కదా. వడ్డించాను. చేతులు వాటంతట అవే వడ్డించాయి.

తింటుంటే చెప్పాను. నేనే సాక్ష్యం ఇచ్చానని. సూది వేయించింది కూడా నేనేనని. ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు. అమ్మ ఎలా పోయిందో చెప్పాను. వినేసి, "అయితే ఇప్పుడు నన్నేం చేయమంటావు?" అన్నాడు. వాడు ముద్ద కంచంలో పెట్టి, చేయి కడుక్కుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. సగం కూడా తినలేదు. ఆ కంచం ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

కోర్టులో కూడా ఇదే చెబుతాను. నీ ఒళ్లు ఎలా ఉందో రాయి.

వదిన

*

హాస్టలు, పై అంతస్తు గది
నవంబరు 16

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు చెప్పిందంతా ఇన్‌స్పెక్టరమ్మ నాకు చదివి వినిపించింది. మీరు ఒక్క ముక్క దాచలేదు. దాని వల్లే ఆయన నా చుట్టుపక్కలకి రాకూడదని ఉత్తర్వు వచ్చింది. మీరు నోరు విప్పకపోతే వచ్చేది కాదని ఇన్‌స్పెక్టరమ్మే అంది. మీరు పోగొట్టుకున్నది ఏమిటో నాకు తెలుసు. మర్చిపోను.

ఒళ్లు కుదుటపడుతోంది. నెత్తురు తొమ్మిదిన్నర గ్రాములకి వచ్చింది. ముందు ముందు బిడ్డ నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనంది డాక్టరమ్మ. లోపల అతుక్కుపోయి ఉండొచ్చట. అడిగింది నేనే. ఎందుకు అడిగానో తెలియదు.

మీ ఉత్తరం పనిలో భోజనాల వేళ చదివాను. "వాడు చిక్కిపోయాడు" అన్న చోట ఆగిపోయాను. మడిచి జేబులో పెట్టుకుని మళ్లీ రోలరు దగ్గరికి వెళ్లాను. దుప్పటి అందుకుంటుంటే చేతులు వణుకుతున్నాయి. జ్వరం అనుకున్నాను. రేడియో నా మొహం చూసి చెబుతున్న మాట మధ్యలో ఆపేసింది. "నీకు కోపం వచ్చిందే" అంది. అప్పటిదాకా అదేమిటో నాకు తెలియలేదు.

మీ మీదే వదినా. ఒక పూట భోజనానికి కూర్చుంటే ఆయన ఎముకలు మీకు కనిపించాయి. చొక్కా వేలాడటం కనిపించింది. నేను మీ ఇంట్లో కడుపుతో నాలుగు రోజులున్నాను. ఆ కంచం ముందు కూర్చుని ఏడ్చారు. నా కోసం కూడా ఎక్కడో ఏడ్చే ఉంటారు, నాకు రాయలేదు అంతే, అని సర్దిచెప్పుకోబోయాను. సర్దుకోలేదు. రోలరు ఆపించి, అందరి ముందూ కూలబడి ఏడ్చాను. మొదటి బిడ్డప్పుడు రాలేదు, రెండోసారి రాలేదు, వార్డులో కుట్లు విప్పినప్పుడు కూడా రాలేదు. మూడు రోజుల పాటు ఎప్పుడు పడితే అప్పుడు వస్తూనే ఉంది. ఆయన మీద కూడా వస్తోంది, మీ నాన్న మీద, నవ్విన ఆ నర్సు అమ్మాయి మీద. కానీ మొదట వచ్చింది మీ మీద.

మీరే నన్ను బతికించారు. అది నిజం. ఇదీ నిజం. రెండూ పట్టుకుని మీతో మాట్లాడటం నాకు ఇంకా చేతకాదు. కొన్నాళ్లు మీరు ఉత్తరం రాయకండి. కోర్టులో కనిపిస్తే పలకరించకండి. ఈ కోపం తగ్గాక నేనే రాస్తాను. ఇప్పుడప్పుడే తగ్గకూడదని ఉంది.